కాసూ క్యాషూ – ఒక తప్పొప్పుల పట్టిక



గడచిన సంక్రాంతి నాడు నా పూర్వవిద్యార్థులు కొందరు తమ వాట్సాప్ బృందంలో నన్నూ చేర్చుకొన్నారు. పిల్లలని అంటున్నానే గాని వారిలో పెద్దవారికి యాభై దాటాయి. ఒకరు గుంటూరు మిర్చి యార్డులో కమీషను వ్యాపారి, ఒకామె ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, ఇద్దరు అమెరికాలో స్థిరపడినవారు, తక్కినవారిలో చాలామందిది సేద్యమే. ఆ బృందంలో ఒకనాటి ప్రొద్దున ఒక సందేశం కనబడింది. ఇంగ్లీషువారి 'మనీ' మన 'మణి' నుండి పుట్టిందట, వారి 'క్యాష్' మన 'కాసు' నుండి పుట్టిందట, డబ్బుకు పేరు పెట్టడం కూడా మన దగ్గర నేర్చుకొన్నవాడి ముందు మనం తల వంచడమేమిటి అని ముక్తాయింపు. ఇటువంటివి మీకూ రోజుకు నాలుగు వస్తూనే ఉంటాయి. నేనూ నవ్వి ఊరుకొనేవాణ్ణే. కాని దాని అడుగున ఇంకొక వాక్యం ఉంది: "ఇది మా తెలుగు మాస్టారు తొమ్మిదో తరగతిలో చెప్పిన సంగతి."

ఆ తెలుగు మాస్టారును నేనే.

మణి సంగతి నేను చెప్పినది కాదు, దారిలో ఎవరో అతికించినది. 'మనీ'కి మూలం రోము నగరంలోని జూనో మొనేటా అనే దేవత ఆలయం. ఆ ఆలయం చెంతనే వారి టంకశాల ఉండేది గనుక దేవత పేరే నాణేనికి పేరైంది. కాసు సంగతి మాత్రం నిస్సందేహంగా నాదే. ఒక ఏడు కాదు, ఇంచుమించు ఇరవై ఏళ్ళు ఏ తడబాటూ లేకుండా చెప్పాను. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ ముగించుకొని, బ్రౌణ్యము బల్ల మీద ఉంచుకొని చెప్పినవాణ్ణి. ఆ మాట చెప్పగానే తరగతి వెనుక బల్లల్లో కూర్చొనే పిల్లల కళ్ళల్లో ఒక మెరుపు కనబడేది. ఆ మెరుపు కోసమే చెప్పేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను.

నిజం ఇది. 'క్యాష్' అనే మాటకు తల్లివేరు లాటిను 'కాప్సా', అంటే పెట్టె. అది ఇటాలియనులో 'కాసా' అయింది, ఫ్రెంచిలో 'కేస్' అయింది, పదహారో శతాబ్ది చివరకు ఇంగ్లీషులో చేరింది. తొలినాళ్ళలో దానికి డబ్బు దాచుకొనే పెట్టె అనే అర్థమూ ఉండేది. కాలక్రమాన పెట్టె పోయి పెట్టెలోని డబ్బు మాత్రం మిగిలింది. 'క్యాషియర్' అంటే పెట్టె దగ్గర కూర్చొనేవాడు, మన పాత షావుకార్ల గుమాస్తా వలె.

మరి కాసు? దానికీ ఇంగ్లీషులో ఒక 'క్యాష్' ఉన్నది, అందుకే నేను పప్పులో కాలు వేశాను. మదరాసులో కుంఫిణీవారి నాణేల లెక్క ఎనభై కాసులు ఒక పణం, నలభై రెండు పణాలు ఒక వరహా. 1818లో రూపాయి లెక్క వచ్చేదాకా ఈ పద్ధతే సాగింది. ఆ కాసును పోర్చుగీసువారు తమ నోటికి అనువుగా మార్చుకొంటే, వారి నుండి ఇంగ్లీషువారు 'క్యాష్' అని వ్రాసుకొన్నారు. అక్షరాలు రెంటికీ ఒకటే, పుట్టుక వేరు. పెద్ద నిఘంటువులలో ఇవి రెండు వేర్వేరు ఆరోపాలు. అంగట్లో మనం 'క్యాషా, ఫోనుపేనా' అని అడిగేది రోమునుండి వచ్చిన పెట్టెను. మన కాసు పాత మదరాసు నాణెంతోపాటు పెద్ద నిఘంటువులకు పరిమితమైపోయింది.

ఇంత చిన్న భేదానికి ఇంత గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. తెలుగు పండితుడు దీనిని చిన్న భేదమనకూడదని నా అభిప్రాయం. ప్రకృతి వికృతులు పిల్లలకు చెప్పేది మనమే. అగ్ని అగ్గి అయింది, రాత్రి రాతిరి అయింది, ఆశ్చర్యం అచ్చెరువు అయింది అని చెప్పి, ఆ మార్పుకు ఒక క్రమం ఉన్నదని కూడా చెబుతాం. పిల్లవాడు పరీక్షలో తోచిన వికృతి వ్రాస్తే సున్న వేస్తాం. సంస్కృతం దగ్గర ఇంత కట్టుదిట్టంగా ఉండేవారం ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి చెవికి ఒకేలా వినబడితే చాలు, చుట్టరికం కలిపేస్తున్నాం. 1816లో కాంబెల్ దొర తెలుగు వ్యాకరణం అచ్చైనప్పుడు ఎల్లిస్ దొర దానికొక వివరణ చేర్చాడు. తెలుగు సంస్కృతజన్యం కాదు, తమిళ కన్నడాలకు సోదరి అని అందులో నిరూపించాడు. ఏదో ఒక జంట మాటలు చూపి ఊరుకోలేదు, తెలుగు ధాతువుల పక్కన తమిళ కన్నడ ధాతువులను వరుసగా పేర్చి చూపాడు. మన భాష వంశవృక్షం అంతటి ఓర్పుతో తేలినది. మనమేమో ఆ ఓర్పులో వీసమెత్తు కూడా లేకుండా ఊళ్ళవాళ్ళ వంశవృక్షాలు గీస్తున్నాం.

పై కమీషను వ్యాపారి, నా దిద్దుబాటు చదివి, వెంటనే ఒక ప్రశ్న వేశాడు. "మాస్టారండీ, మా యార్డుకూ బట్టలకొట్లో యార్డుకూ ఏమిటి సంబంధం?" ఏమీ లేదు. స్థలానికి చెప్పే 'యార్డు' పాత ఇంగ్లీషులో కంచె వేసిన ఆవరణ, 'గార్డెను'కు దాయాది. బట్ట కొలిచే 'యార్డు' ఒకప్పుడు కర్ర, బెత్తం. రెండు మాటలూ శతాబ్దాలుగా నలిగి నలిగి ఒకే రూపానికి వచ్చాయి. ఇది వింతగా తోస్తే మన తెలుగే చూడండి. ఆ కొలతకు మనమనే 'గజం' పారసీకం నుండి వచ్చింది, ఏనుగును చెప్పే 'గజం' సంస్కృతం. రెండు గజాల గుడ్డ కొన్నవాడు దుకాణం ముందు ఏనుగులను కట్టుకోలేదు గదా!

మనవి అని ఢంకా కొట్టి చెప్పుకోదగిన మాటలు ఇంగ్లీషులో లేకపోలేదు. 'బాండికూట్' అచ్చంగా మన పందికొక్కు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చగా 1886లో వెలువడిన 'హాబ్సన్ జాబ్సన్' కోశంలోనూ ఇది తెలుగు మాటేనని ఉన్నది. పంది వంటి కొక్కు, కొక్కు అంటే ఎలుక. మా పల్లెల్లో రైతుకు దీని పరిచయం అక్కరలేదు. గట్లను తొలిచి నీళ్ళను ప్రక్కచేలోకి పంపేది అది, గాదె క్రిందికి సొరంగం వేసేది అది. లంచగొండులను చూపి 'పందికొక్కుల్లా మేస్తున్నారు' అని మనం అంటాము. జంతుశాస్త్రజ్ఞులు ఆ జాతికి 'బాండికోటా' అని లాటిను వేషం కట్టించారు. అంతటితో ఆగలేదు. ఆస్ట్రేలియా వెళ్ళిన ఇంగ్లీషువారికి పొడుగు ముట్టె, పొట్టకు సంచి ఉన్న ఒక చిన్న జంతువు కనబడితే, ఎలుకకూ దానికీ ఏ సంబంధమూ లేకపోయినా, దానికీ ఈ పేరే పెట్టారు. అక్కడ ఆ మాట జాతీయాలలోకీ ప్రవేశించింది. బొత్తిగా దిగులుగా ఉన్నవాణ్ణి బాండికూటంత దీనంగా ఉన్నాడంటారు. ఆకులు కదలకుండా, పైకి తెలియకుండా, మట్టిలో చెయ్యి పెట్టి పరుల చేలో బంగాళాదుంపలు తవ్వుకుపోవడాన్ని 'బాండికూటింగ్' అంటారు. ఈ రెండవ ప్రయోగం వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. దేశాలు దాటి, జంతువును మార్చుకొని కూడా ఆ మాట తన పాత బుద్ధి పోగొట్టుకోలేదు.

మిరపకాయ కథ దీనికి తిరగబడిన అద్దం. గుంటూరు అనగానే మిరపకాయ అంటారు గాని, మిరప మన నేలకు వచ్చి ఐదు శతాబ్దాలు మాత్రమే. అమెరికా ఖండం నుండి పోర్చుగీసు ఓడలమీద వచ్చింది. 'చిల్లీ' అనే మాట మెక్సికోలోని నావాట్ల్ భాషది. చిలీ అనే దేశానికీ దానికీ పొత్తు లేదు. కొలంబసు కాలపు ఐరోపా వారు ఈ కొత్త కాయ మంట చూసి మిరియంతో పోల్చారు, ఇంగ్లీషువారు దానికీ 'పెప్పర్' అన్నారు. 'పెప్పర్' ఎక్కడిది? మన 'పిప్పలి'. అది గ్రీకులోకి వెళ్ళి, లాటినులోకి వెళ్ళి, ఇంగ్లీషులో మిరియానికి పేరై, ఆ తరువాత మిరపకాయకూ అంటుకొంది. ఇక మనవాళ్ళు చేసిందేమిటి? సరిగ్గా అదే! మిరియం పేరుమీదుగానే మిరపకాయ అన్నాం. తమిళులకు మిళగు, మిళగాయ్. కన్నడిగులకు మెణసు, మెణసినకాయి. హిందీవారికి నల్లదీ మిర్చే, ఎర్రదీ మిర్చే. లండనులో దొరా, పల్నాటి రైతూ ఒకరి మొగం ఒకరు చూడకుండానే, కొత్తకాయను నాలుక మీద పెట్టుకొని ఒకే ఆలోచన చేశారు. ఎవరి భాష ఎవరికి భిక్ష పెట్టింది అనే లెక్క కంటే ఈ సంగతి నాకు ఎక్కువ ఇష్టం. ఆ ఓడలలో వచ్చిన పోర్చుగీసువారే మనకు బొత్తాం ఇచ్చారు, తువ్వాలు ఇచ్చారు. బొత్తాం ఇంగ్లీషు 'బటను'కు వికృతి అని నేను చెప్పలేదు, అదొక్కటే ఊరట.

ప్రత్తి దగ్గరకు వస్తే ఒక నవ్వుల సంగతి. ఒకసారి ప్రత్తి మీద వ్యాసం వ్రాయమంటే ఒక పిల్లవాడు లేచి, "జిన్నింగు మిల్లులో జిన్ను కాస్తారా మాస్టారూ?" అని అడిగాడు. తరగతి గొల్లుమన్నది. నేను వాడిని కూర్చోబెట్టాను. వాడి ప్రశ్నలో తప్పేమీ లేదని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. గింజను దూదిని విడదీసే 'జిన్' అనే యంత్రం పేరు 'ఎంజిన్' అనే మాటకు తోకముక్క, ఆ 'ఎంజిను'కు మూలమైన లాటిను మాటకు సహజమైన తెలివి అని అర్థం. తాగే 'జిన్' జూనిపర్ అనే చెట్టు కాయల పేరునుండి డచ్చివారి మీదుగా వచ్చింది. ఈ రెండు ముక్కలూ ఆనాడు చెప్పగలిగితే ఆ పిల్లవాడు నవ్వులపాలు కాకపోను.

దూది ధరలు చెప్పే వార్తలలో 'క్యాండీ' ఇంత పలికింది అని వింటుంటాం. అది చప్పరించే మిఠాయి కాదు. మన 'కండి' అనే పాత తూకం, ఈనాటి వర్తకంలో 356 కిలోలు. మిఠాయి 'క్యాండీ' సంస్కృత 'ఖండం' నుండి, అంటే కలకండ ముక్కనుండి, పారసీక అరబ్బుల మీదుగా వెళ్ళింది. ఇక 'క్వింటాలు' మూలానికి లాటినులో 'నూరు' అని అర్థం, గ్రీకు అరబ్బీలు చుట్టి తిరిగి ఐరోపా చేరి, చివరకు మిర్చి యార్డు కాటా మీదికి ఎక్కింది.

ఈ మాటలన్నీ తెలుగు పాఠంలో చెప్పదగినవే అంటాను. నా తోటి పండితులలో కొందరు దీనిని అపచారమంటారు. ఇంగ్లీషు మాటల సంగతి ఇంగ్లీషు మాస్టారు చూసుకొంటాడు, మనకు పద్యం ఉంది, ఛందస్సు ఉంది అంటారు. వారి బాధ నాకు తెలియనిది కాదు, తెలుగుకు ఉన్న గంటలే తరిగిపోయినవి. అయినా ఇంగ్లీషు తరగతిలో జరిగేదేమిటి? 'ఆన్ టెంటర్‌హుక్స్' అంటే ఆందోళనలో ఉండడం అని బట్టీ పట్టిస్తారు. తడిసిన ఉన్నిబట్ట ముడుచుకుపోకుండా చట్రానికి బిగించి లాగిపట్టే కొక్కేలకు ఆ పేరని ఎవరూ చెప్పరు. చీరాల నేతగాని బిడ్డకు ఆ ఒక్క ముక్క చెబితే ఇక బట్టీ ఎందుకు? పడుగు, పేక, అచ్చు, కండె ఇంట్లో చూస్తూ పెరిగిన పిల్లకు, సాగదీసి పట్టిన గుడ్డ ఎలా ఉంటుందో, సాగదీసి పట్టిన మనస్సు ఎలా ఉంటుందో మనం చెప్పాలా? ఆ పిల్లకు తెలిసిన వస్తువుతో తెలియని మాటకు ముడి వేయవలసినవాడు ఆ పిల్ల భాష తెలిసినవాడే. అతడు తెలుగు మాస్టారే.

నాకు ఈ అభిప్రాయం పుస్తకాల వల్ల కలిగినది కాదు.

1987–88లో మా గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి రైతులకు ఏమి జరిగిందో ఆ వయసు మిత్రులకు గుర్తుండే ఉంటుంది. పురుగుకు పంట పోయింది, కొట్టిన మందులకు అప్పు మిగిలింది, ఆ మందే త్రాగి ఎందరో పోయారు. ఆ రోజుల్లో పదో తరగతి పిల్లవాడొకడు విశ్రాంతి వేళలో ఒక కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. వాళ్ళ నాన్నకు అప్పిచ్చిన ఒక సంస్థ పంపిన తాఖీదు, అంతా ఇంగ్లీషులో ఉంది. ఒక మాట మీద వేలు పెట్టి, "మార్ట్‌గేజ్ అంటే ఏమిటి మాస్టారండీ?" అని అడిగాడు. ఆ మాట నాకూ అంతంతమాత్రమే తెలుసు. అది ఒప్పుకోవడానికి నామోషీ. "ఇంగ్లీషు మాటలు నన్నడుగుతావేమిరా, ఇంగ్లీషు మాస్టారిని అడుగు" అన్నాను. ఏదో భాషాభిమానం ఒలకబోసినట్లు ఆ మాట కొంచెం దర్పంగానే అన్నాను. ఇంగ్లీషు మాస్టారు ఆ వారమంతా సెలవు. కాగితంలో పదిహేను రోజుల గడువు ఉందనీ, ఆ లోపల వెళ్ళి అడిగితే వాయిదా దొరికే అవకాశం ఉందనీ ఆ ఇంటివారికి గడువు దాటాక తెలిసింది. తండ్రి ప్రాణం నిలిచింది, రెండెకరాలు పోయాయి. పిల్లవాడు పరీక్షకు కట్టలేదు. హైదరాబాదు వెళ్ళి బేల్దారి పనిలో చేరాడని విన్నాను.

'మార్ట్‌గేజ్' రెండు పాత ఫ్రెంచి మాటల కూడిక. 'మోర్' అంటే చచ్చినది, 'గేజ్' అంటే కుదువ. చచ్చిన కుదువ. ఎందుకలా అన్నారో 1628లో అచ్చైన తన వ్యాఖ్యానంలో ఎడ్వర్డ్ కోక్ అనే ఇంగ్లీషు న్యాయకోవిదుడు వివరించాడు. అప్పు తీర్చకపోతే భూమి పెట్టినవాడి పాలిట చచ్చినట్లు, తీరిస్తే ఆ కుదువ పుచ్చుకొన్నవాడి పాలిట చచ్చినట్లు. అర్థం మన 'తనఖా'యే. ఈ పది ముక్కలు నాకు తెలిసి ఉంటే ఆ పొలం నిలిచేదని అనను. కనీసం ఆ కాగితం దేనిని గురించినదో, అందులో ఏది చావబోతున్నదో ఆ సాయంత్రమే ఆ ఇంట్లో తెలిసేది. మిగిలిన పంక్తులు కూడా ఎవరిచేతనైనా చదివించుకొనేవారు. అదే తరగతి గదిలో, అదే ఏడాది, క్యాష్ మన కాసే అని నేను గర్వంగా పాఠం చెబుతున్నాను.

బృందంలో నా దిద్దుబాటు పెట్టాను: కాసు వేరు, క్యాషు వేరు, తప్పు నాది, సందేశాన్ని ఎవరికి పంపారో వారికందరికీ ఇది కూడా పంపండి అని. అసలు సందేశం వ్రాసినతడు, మంచివాడు, వెంటనే జవాబిచ్చాడు. "నలభై మందికి పంపానండీ, వాళ్ళు ఎందరికి పంపారో! అయినా మాస్టారూ, మీరు చెప్పింది తప్పని తెలిసినా మనసొప్పడం లేదు." నాకూ ఒప్పలేదని వ్రాశాను.

ఆ పిల్లవాడి సంగతి కూడా అక్కడే వాకబు చేశాను. వాడు ఆ బృందంలో లేడు, పదో తరగతి పూర్తి చేసినవారిదట అది. ఒకరు కనుక్కొని చెప్పారు, వాడిప్పుడు పదిమందికి పని చూపే పెద్ద మేస్త్రీ, ఒంగోలు దగ్గరే ఉంటున్నాడు. ఫోను నంబరు సంపాదించి పెట్టుకొన్నాను, ఇంకా చేయలేదు. 'మార్ట్‌గేజ్' అర్థం ఇన్నేళ్ళకు చెప్పబోతే వాడేమంటాడో తెలియదు. ఇంకొకటి కూడా చెప్పాలని ఉంది. 'మేస్త్రీ' పోర్చుగీసు మాట, 'మాస్టారు' ఇంగ్లీషు మాట, రెండూ లాటిను 'మజిస్తర్' అనే ఒక్క మాటకే వికృతులు. ఈసారి నిఘంటువులు చూసే చెబుతున్నాను.